ఈస్ట్ ఫేసింగ్ గ్రహం

మొన్న రాత్రి అన్నం తింటూ ఫోన్ తెరిచాను. తెర నిండా నిగనిగలాడే నీలిగోళం, దాని మీదికి ఎర్రబాణం, పక్కనే నోరెళ్లబెట్టిన యాంకర్. కింద "మరో భూమి దొరికింది! షాక్‌లో శాస్త్రవేత్తలు!" ఈ శాస్త్రవేత్తలు ఎప్పుడు చూసినా షాక్‌లోనే ఉంటారు, పాపం. జీతం అందుకే ఇస్తారేమో.

ఆ గోళం పేరు హెచ్‌డీ 189733 బి. వేరే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం. 2005లో కనిపెట్టారు. మనకి దాదాపు 64 కాంతి సంవత్సరాల దూరం. సెకనుకు 17 కిలోమీటర్లు పరిగెత్తే వాయేజర్ అంతరిక్ష నౌక ఎక్కినా 11 లక్షల ఏళ్లు పడుతుంది. రింగురోడ్డుకి పది నిమిషాలే అని చెప్పి మనల్ని జిల్లా దాటించే వెంచర్ల వాళ్లకి ఇదో దూరమా? అక్కడా ప్లాట్లు అమ్మితే బేరం ఇలా సాగుతుంది.

"ఈస్ట్ ఫేసింగ్ ఉందా బాబూ?"

"తూర్పుతో పనే లేదు సార్. అక్కడ సూర్యుడు ఉదయించడు, అస్తమించడు. ఒక పక్క ఎప్పుడూ పగలే, రెండో పక్క ఎప్పుడూ రాత్రే."

"నేల గట్టిదేనా?"

"నేలే లేదు సార్! అంతా హైడ్రోజన్, హీలియం. నేల లేదు కాబట్టి కబ్జా భయం లేదు."

"గాలి బాగా వస్తుందా?"

"గంటకి 8,700 కిలోమీటర్లు. ఫ్యాన్ ఖర్చు మిగులు."

"వానలు?"

"గాజు సార్. కరిగిన గాజు తుంపర్లు పడతాయని అంచనా. అదీ పైనుంచి కాదు, పక్కనుంచి. గొడుగు అడ్డంగా పట్టుకోవాలంతే."

"మరి వాసన..."

"2024లో వెబ్ టెలిస్కోపు హైడ్రోజన్ సల్ఫైడ్‌ని పట్టేసింది. కుళ్లిన కోడిగుడ్డు వాసన, దాచను. కానీ వెయ్యి డిగ్రీల వేడిలో ముక్కు మిగిలితే కదా సార్, ఇబ్బంది! లోన్ కూడా రెడీ. ఏడాదికి తొమ్మిది శాతమే."

"ఏడాదంటే?"

"అక్కడ 2.2 రోజులు సార్."

నవ్వుతూనే ఉన్నాను, ఏడేళ్ల మా మనవరాలు తొంగిచూసి "తాతయ్యా, ఈ ఫొటో ఎవరు తీశారు?" అని అడిగేదాకా. ఆ యాంకర్‌కి పుట్టని ప్రశ్న అది.

ఎవరూ తీయలేదు. అది చిత్రకారుడు ఊహించి వేసిన బొమ్మ. ఆ నీలం సముద్రానిది కాదు. గాలిలో తేలే ఇసుకలాంటి రేణువులు నీలికాంతిని చెదరగొడుతున్నాయి, అంతే. మరి నీలమని ఎలా తెలిసింది? గ్రహం తన నక్షత్రం వెనక్కి వెళ్లినప్పుడు, అక్కడి నుంచి వచ్చే వెలుగులో నీలిరంగు మాత్రం పిసరంత తగ్గింది. ఆ పిసరుని హబుల్ టెలిస్కోపు పట్టుకుంది, 2013లో. కంటికి కనపడని గ్రహానికి రంగు చెప్పగలిగారయ్యా మనుషులు! దాన్ని వదిలేసి, పిల్లల ముందు ఈ దొంగ బాణాలూ, దొంగ భూములూనా? సిగ్గుండాలి. అరనిమిషం పట్టదు నిజం చెప్పడానికి. ఆ అరనిమిషంలో కూడా ప్రకటనే వేసుకుంటారు.

వరండాలో బల్బు వెలిగించి, దాని చుట్టూ నిమ్మకాయ తిప్పి మనవరాలికి చూపించాను. "వెనక్కి పోయినప్పుడు నిమ్మకాయ వెలుగు మనకి రాదు, అంతేగా!" అంది. లోపల నా కంచంలో పప్పన్నం ఎప్పుడో ఎండిపోయింది.