లోకం నుంచి వేరుపడుట: ఆచరణకు కొన్ని సూచనలు

"వారి మధ్యనుండి బయలువెడలి ప్రత్యేకముగా ఉండుడి" అని 2 కొరింథీ 6:17లో ఉంది. ఎంత దూరం బయలువెడలాలో అక్కడ రాయలేదు. ఆ వెసులుబాటును మన విశ్వాసులు చక్కగా వాడుకుంటున్నారు.

ముందు నగలు. బాప్తిస్మానికి ముందే తీసెయ్యాలి. తీసినవాటిని పారెయ్యనక్కర్లేదు. ఒంటి మీదుంటే జీవపుడంబం, లాకర్లో ఉంటే ముందుచూపు. తర్వాత తెల్లబట్టలు, ఎంత ఖరీదైనా తెలుపైతే చాలు. సినిమాకు వెళ్లకూడదు. సినిమా బాణీకి మాటలు మార్చి ప్యాడ్ మీద దరువేస్తే మాత్రం అది ఆరాధన.

అసలు పనితనమంతా సంబంధాలు చూడటంలో ఉంది. పెళ్లి బయోడేటా మొదటి వరుసలో "రక్షణ పొందిన, నగలు ధరించని, ప్రార్థనాపరురాలైన వధువు కావలెను" అనాలి. రెండో వరుసలో రంగు, ఎత్తు, జీతం. మూడో వరుసలో కులం, దాని పక్కనే 'క్రిస్టియన్'. యూదుడని గ్రీసుదేశస్థుడని లేదని గలతీ 3:28 అన్నది నిజమే గానీ, అందులో మన ఊరి పేటల ఊసు లేదు. దళితుడు క్రైస్తవుడైతే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా పోతుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-సీ అవుతాడు. సర్టిఫికెట్లో మార్చడం తహసీల్దారుకు చేతనైంది. బయోడేటాలో మార్చడం ఇంకా ఎవరికీ చేతకాలేదు.

కట్నం నోరు తెరిచి అడగకూడదు. "దేవుడు మీకు ఎలా ప్రేరేపిస్తే అలా చెయ్యండి" అనాలి. అని ఊరుకుంటే పని జరగదు. పెద్దబ్బాయి పెళ్లికి దేవుడు అవతలివాళ్లను ఎంతకు ప్రేరేపించాడో అంకెతో సహా సాక్ష్యం చెప్పాలి. 1961 వరకట్న నిషేధ చట్టం ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ కనీసం 5 ఏళ్ల జైలు అంటుంది. అది లోకసంబంధమైన చట్టం. లాకర్లోని నగలు అక్కరకొచ్చేది ఇక్కడే. ఒంటి మీద కాకుండా పెట్టెలో వెళ్తాయి గనుక పిల్ల సాక్ష్యం చెడదు.

ఎంత జాగ్రత్తపడ్డా తేడా వచ్చే చోటు ఒకటుంది: కూర్చోవడం. 1950లో హైదరాబాదులో మొదలైన హెబ్రోను అనే ప్రార్థనా మందిరంలో సువార్తికుడు భక్తసింగ్ గారి సహవాసం అందరినీ నేల మీద చాపలపై కూర్చోబెట్టింది, ఆరాధన అయ్యాక ప్రేమవిందులో కలిపి భోజనం పెట్టింది. ఇది ప్రమాదకరమైన పద్ధతి. బంతిలో పక్కన కూర్చున్నాయన రేపు వియ్యమందుదామంటే ఏం చెబుతాం? అందుకే చాలాచోట్ల ముందు వరుసలో సోఫాలు వేసి చిక్కు విడదీశారు. బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడికి మంచి స్థలం చూపించొద్దని యాకోబు 2వ అధ్యాయం హెచ్చరిస్తుంది. ఆ సోఫాల్లో కూర్చునేవారి వేళ్లకు ఉంగరాలుండవు. చేతిలో కారు తాళాలుంటాయి. వాటి గురించి యాకోబు ఏమీ రాయలేదు.