ఒకే ఫార్మేషన్‌తో ఫైనల్ దాకా వచ్చారు, ఫైనల్లో అదే ముంచింది: 2018 ర్యామ్స్ అఫెన్స్

అమెరికన్ ఫుట్‌బాల్‌లో NFL అనే లీగ్ ఫైనల్‌ని సూపర్ బౌల్ అంటారు, దాని చరిత్రలో అతి తక్కువ పాయింట్లు వచ్చిన మ్యాచ్ 2019 ఫిబ్రవరి 3న అట్లాంటాలో జరిగింది, న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ 13, లాస్ ఏంజెలిస్ ర్యామ్స్ 3. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మనవాళ్లింట్లో పాట్‌లక్ పెట్టుకుని చూసినవాళ్లలో సగం మంది హాఫ్‌టైమ్‌కే టీవీ వదిలేసి బిర్యానీ దగ్గరికి వెళ్లిపోయుంటారు, ఇక్కడ పొద్దున్నే 5 గంటలకి అలారం పెట్టుకుని లేచినవాళ్ల సంగతైతే చెప్పక్కర్లేదు. అయినా సరే, ఒక అఫెన్స్‌ని, అంటే బంతి తమ చేతిలో ఉన్నప్పుడు టీమ్ ఆడే పద్ధతిని, ఎలా కడతారు, కట్టింది ఎలా కూలుతుంది, ఏ ప్లే ఆడాలో కోచ్ చెప్పే ప్లే కాలింగ్ ఎక్కడ తేడా కొడుతుంది అని ఎవరైనా అడిగితే నేను ముందు చూడమనేది ఈ మ్యాచే. ఎందుకంటే ఆ సీజన్‌లో అందరూ కాపీ కొడదామనుకున్న అఫెన్స్ ఆ ఒక్క రాత్రి మూడంటే మూడే పాయింట్ల దగ్గర ఆగిపోయింది.

ముందు ఆ అఫెన్స్ ఎంత బాగుండేదో చెప్పాలి, లేకపోతే మ్యాటర్ అర్థం కాదు. 2016లో ర్యామ్స్ 4-12, అంటే 4 గెలుపులు 12 ఓటములు, సీజన్ మొత్తం మీద 224 పాయింట్లు, లీగ్‌లో ఆఖరి స్థానం. 2017 జనవరిలో షాన్ మెక్‌వేని హెడ్ కోచ్‌గా తెచ్చారు, అప్పటికి అతనికి 30 ఏళ్లు, పాస్‌లు వేసే క్వార్టర్‌బ్యాక్ అదే జారెడ్ గాఫ్, బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ అదే టాడ్ గర్లీ, అయినా ఆ ఏడాది 478 పాయింట్లతో లీగ్‌లో ఫస్ట్. 2018లో 527, రికార్డు 13-3, మధ్యలో నవంబర్‌లో కాన్సాస్ సిటీ చీఫ్స్‌తో 54-51 అనే పిచ్చి మ్యాచ్ ఒకటి. ఆ ఆఫ్‌సీజన్‌లో మెక్‌వేతో ఒకసారి కాఫీ తాగినా హెడ్ కోచ్ ఉద్యోగం వచ్చేస్తుందని జోకులు వేసుకునేవాళ్లు, జోకే గానీ అతని క్వార్టర్‌బ్యాక్స్ కోచ్ జాక్ టేలర్‌ని సూపర్ బౌల్ అయిన మర్నాడే సిన్సినాటి బెంగాల్స్ తీసేసుకుంది నిజంగా.

ఇంతకీ వాళ్లు చేసిందేంటి? ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్, ముందు వరసలో అడ్డుకునే ఐదుగురు లైన్‌మెన్ పోను ఇంకో ఐదుగురు ఉంటారు కదా, వాళ్లలో ఎవరిని దించావనేదే పర్సనెల్ గ్రూప్. మొదటి అంకె రన్నింగ్ బ్యాక్‌లు, రెండో అంకె టైట్ ఎండ్‌లు (బ్లాకింగూ చేస్తారు, పాస్‌లూ పడతారు), మిగతావాళ్లు పాస్‌లు పట్టే రిసీవర్లు. 11 అంటే ఒక బ్యాక్, ఒక టైట్ ఎండ్, ముగ్గురు రిసీవర్లు. లీగ్‌లో అందరూ ఎక్కువగా వాడేది ఇదే, కానీ ర్యామ్స్ 2018లో దాదాపు 90 శాతం స్నాప్స్ (బంతిని వెనక్కి అందించి ప్లే మొదలెట్టడమే స్నాప్) ఇందులోనే ఆడారు, ఇంకెవరూ ఆ దరిదాపుల్లో కూడా లేరు. ముగ్గురు రిసీవర్లంటే దూరంగా సైడ్‌లైన్ల దాకా పరుచుకుని నిలబడతారనుకుంటాం, వీళ్లు అలా కాకుండా లైన్‌కి దగ్గరగా ముడుచుకుని నిలబడేవాళ్లు, దాంతో రిసీవర్లు కూడా రన్ బ్లాకింగ్‌లో చెయ్యి వేసేవాళ్లు. స్నాప్‌కి ముందు ఒక రిసీవర్, బ్రాండిన్ కుక్స్ కావచ్చు రాబర్ట్ వుడ్స్ కావచ్చు, అడ్డంగా ఫుల్ స్పీడ్‌లో పరిగెత్తేవాడు, అదే జెట్ మోషన్.

అక్కడినుంచి ఏదైనా జరగొచ్చు. లైన్ మొత్తం ఒక పక్కకి కలిసి కదిలితే అది అవుట్‌సైడ్ జోన్ రన్, గర్లీ ఆ గోడ వెనకాలే పరిగెడుతూ ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరతాడు. సరిగ్గా అదే కదలిక, అదే అడుగులు, కానీ గాఫ్ బంతి ఇవ్వకుండా దాచుకుని రెండో పక్కకి బూట్‌లెగ్ తిరిగితే అది ప్లే యాక్షన్ పాస్, రన్ అని నమ్మించి వేసే పాస్ అన్నమాట. లేదంటే మోషన్‌లో వస్తున్న వుడ్స్ చేతికే బంతి, అదే జెట్ స్వీప్. మంచి లెగ్ స్పిన్నర్ అదే రనప్, అదే చెయ్యి తిప్పడంతో గూగ్లీ వేస్తే బ్యాట్స్‌మన్ ఎలా తికమకపడతాడో డిఫెన్స్ ముందు వరస వెనకాల నిలబడే లైన్‌బ్యాకర్లు అలా అయిపోయేవాళ్లు, బంతి ఎటు పోయిందో తెలిసేసరికి వాళ్ల వెనకాల 15 గజాల్లో కుక్స్ ఖాళీగా ఉండేవాడు. పైగా మనుషులు మారట్లేదు కాబట్టి వీళ్లు రన్ చేస్తారా పాస్ వేస్తారా అని మనుషుల్ని చూసి పసిగట్టే అవకాశం డిఫెన్స్‌కి లేదు.

దీనికి తోడు హెడ్‌సెట్ ట్రిక్. ప్లే క్లాక్‌లో 15 సెకన్లు మిగిలేదాకా కోచ్ క్వార్టర్‌బ్యాక్ చెవిలో మాట్లాడొచ్చు, ఆ తర్వాత కనెక్షన్ కట్. మామూలుగా టీములు అప్పటికి హడిల్‌లోనే, అంటే గుమిగూడి ప్లే చెప్పుకుంటూనే, ఉంటాయి, ర్యామ్స్ మాత్రం గబగబా లైన్ దగ్గరికి వచ్చి నిలబడేవాళ్లు, డిఫెన్స్ కూడా తప్పక సర్దుకోవాల్సి వచ్చేది, అప్పుడు మెక్‌వే సైడ్‌లైన్ నుంచి ఆ డిఫెన్స్‌ని చదివి ఏ ప్లేలోకి మారాలో గాఫ్‌కి చెప్పేసేవాడు. రూల్ ప్రకారం తప్పేం లేదు. దీన్ని పట్టుకుని గాఫ్‌ని రిమోట్‌తో ఆడిస్తున్నారని వెక్కిరించినవాళ్లున్నారు, నాకది కొంచెం అన్యాయం అనిపిస్తుంది, చెప్పింది విని వేసినా వేసింది అతనే కదా. కానీ ఆ వెక్కిరింతలో ఒక నిజం కూడా ఉంది, దాని దగ్గరికి వస్తాను.

సీజన్ చివర్లో పగుళ్లు మొదలయ్యాయి. నవంబర్‌లో కూపర్ కప్‌కి మోకాలి లిగమెంట్ తెగింది, లోపలివైపు రూట్లలో (రిసీవర్లు పరిగెత్తే దారులు) గాఫ్ ఎక్కువగా నమ్ముకున్న రిసీవర్ అతనే. డిసెంబర్ 9న షికాగో చలిలో బేర్స్ 15-6తో ఓడించారు, గాఫ్ నాలుగు ఇంటర్‌సెప్షన్లు, అంటే అతని పాస్‌ల్లో నాలుగు అవతలివాళ్లు పట్టేసుకున్నారు. బేర్స్ డిఫెన్స్ నడిపింది విక్ ఫాంజియో. ఆయన చేసింది చెప్పడానికి సింపుల్. లైన్ మీద ఆరుగురిని అటు చివర నుంచి ఇటు చివర దాకా పరిచాడు, అంటే అవుట్‌సైడ్ జోన్‌లో గర్లీ బయటికి తిరగడానికి దారే లేదు, వెనకాల సేఫ్టీలు (డిఫెన్స్‌లో ఆఖరి వరస) లోతుగా జోన్‌లో, అంటే మనిషిని కాకుండా చోటుని కాస్తూ, కూర్చున్నారు, అంటే ప్లే యాక్షన్‌కి మోసపోయి ముందుకి పరిగెత్తే మనిషే లేడు. రన్ ఆపడానికి సేఫ్టీని కిందకి లాక్కురావాల్సిన అవసరం పోయింది కాబట్టి ప్లే యాక్షన్ అసలు ఎవర్ని మోసం చెయ్యాలి?

ఇక్కడే నా పాయింట్. ర్యామ్స్ అఫెన్స్‌లో వంద ప్లేలున్నట్టు కనిపించేది, కానీ తొంభై దాకా ఆ ఒక్క అవుట్‌సైడ్ జోన్ భయం మీదే వేలాడుతున్నాయి. ఆ భయం పోతే బూట్‌లెగ్ లేదు, జెట్ స్వీప్ లేదు, వెనకాల ఖాళీ లేదు. దానికి మందు కొత్త ప్లే కనిపెట్టడంలో లేదు, గ్రౌండ్‌లో దించే మనుషుల్ని మార్చి డిఫెన్స్ చేత వేరే మనుషుల్ని దింపించడంలో ఉంది. మెక్‌వే అది చెయ్యలేదు.

చెయ్యలేకపోయాడా అంటే చేతిలో సరుకు ఉంది. ప్లేఆఫ్స్‌లో డల్లాస్ కౌబాయ్స్‌ని 30-22తో కొట్టినప్పుడు 273 గజాలు కాళ్ల మీదే సాధించారు, అప్పుడే కొత్తగా తెచ్చుకున్న సీజే ఆండర్సన్ 123, గర్లీ 115. బొద్దుగా ఉండే ఆండర్సన్ డిఫెన్స్‌ని మధ్యలోంచి చీల్చుకుంటూ వెళ్లాడు. ఫైనల్లో అతనికి ఇచ్చింది ఏడు రన్‌లు, గర్లీకి పది. టైలర్ హిగ్బీ, జెరాల్డ్ ఎవరెట్ అని ఇద్దరు పనికొచ్చే టైట్ ఎండ్‌లు టీమ్‌లోనే ఉన్నారు, ఇద్దర్నీ కలిపి దింపి ఆ ఆరుగురి లైన్‌ని సాగదీసి లోపలికి పవర్ రన్‌లు కొట్టి చూడొచ్చు కదా, కనీసం రెండు సిరీస్‌లు. లేదంటే పూర్తిగా రెండో వైపు వెళ్లి బ్యాక్‌ఫీల్డ్ ఖాళీ చేసి, అంటే క్వార్టర్‌బ్యాక్ దగ్గర బ్యాక్ ఎవర్నీ ఉంచకుండా, టకటకా చిన్న పాస్‌లు వెయ్యొచ్చు. రెండిట్లో ఏదీ గట్టిగా పట్టుకోలేదు, అదే 11, అదే ముడుచుకున్న రిసీవర్లు, అదే మోషన్, పంట్, అంటే ముందుకి సాగలేక బంతిని తన్ని అవతలి టీమ్‌కి అప్పగించడం. మళ్లీ అదే, పంట్. మొదటి ఎనిమిది పొసెషన్లూ పంట్‌తోనే అయిపోయాయంటే చూడండి, ఫస్ట్ హాఫ్‌లో మొత్తం 57 గజాలు, ఆ రాత్రి ర్యామ్స్‌లో మెరిసిన మనిషి ఎవరయ్యా అంటే 65 గజాల రికార్డ్ పంట్ కొట్టిన పంటర్ జానీ హెకర్.

పేట్రియాట్స్ వైపు హెడ్ కోచ్ బిల్ బెలిచిక్, డిఫెన్స్ కాల్ చేసిన బ్రయన్ ఫ్లోరెస్ ఫాంజియో ప్లాన్‌ని తీసుకుని దానికి తమ పదును పెట్టారు. సీజన్ అంతా మ్యాన్ కవరేజ్ (ఒక్కొక్కరు ఒక్కో రిసీవర్‌ని అంటిపెట్టుకోవడం) ఎక్కువగా ఆడిన టీమ్ ఆ రోజు జోన్‌కి మారిపోయింది, రెండు వారాల పాటు మ్యాన్ కవరేజ్‌ని విడగొట్టే రూట్లు ప్రాక్టీస్ చేసుకొచ్చిన ర్యామ్స్‌కి ఎదురుగా వేరే సినిమా. ఇంకా ముఖ్యంగా ఆ 15 సెకన్ల సంగతి. హడిల్‌లోనే రెండు కాల్స్ ఇచ్చుకున్నారు, లైన్ దగ్గర ముందు ఒక షేప్ చూపించడం, హెడ్‌సెట్ కట్ అయ్యాక రెండో దానిలోకి జారుకోవడం. మెక్‌వే చూసి చెప్పింది ఒకటి, స్నాప్ అయ్యాక గాఫ్‌కి కనిపించేది ఇంకోటి. ఆ వెక్కిరింతలో నిజం అన్నాను కదా, ఇదే అది, అప్పటికి గాఫ్‌కి స్నాప్ తర్వాత సొంతంగా డిఫెన్స్ చదివే అలవాటు బలంగా లేదు, ఆ అవసరం రాకుండా సిస్టమే చూసుకుంది ఇన్నాళ్లూ.

ఒక్క ప్లే చూస్తే చాలు. మూడో క్వార్టర్‌లో కుక్స్ ఎండ్ జోన్‌లో ఒంటరిగా నిలబడ్డాడు, కవరేజ్ తేలిపోయింది, చుట్టూ ఎవడూ లేడు, చెయ్యెత్తి పిలుస్తున్నంత ఖాళీ. గాఫ్ చూశాడు, కానీ ఒక క్షణం లేటుగా చూశాడు, వేసిన బంతి కూడా గాల్లో తేలుతూ నెమ్మదిగా వచ్చింది, ఈలోపు గ్రౌండ్ అవతలి వైపు నుంచి పేట్రియాట్స్ డిఫెండర్ జేసన్ మెక్‌కోర్టీ పరిగెత్తుకుంటూ వచ్చి ఆఖరి క్షణంలో దాన్ని కొట్టి పడేశాడు. ప్లే కాల్ కరెక్టే, ఫార్మేషన్ పనిచేసిన అతికొద్ది సందర్భాల్లో అదొకటి, పోయింది. ఆ టచ్‌డౌన్ పడుంటే ఈ వ్యాసం వేరేలా ఉండేదేమో, అయినా 13 థర్డ్ డౌన్‌లలో (10 గజాలు సాగడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) మూడే దాటిన అఫెన్స్‌ని ఒక్క పాస్ కాపాడుతుందనుకోను.

అలాగని పేట్రియాట్స్ అఫెన్స్ ఏదో చెలరేగిపోయిందనుకోకండి. వేడ్ ఫిలిప్స్ నడిపిన ర్యామ్స్ డిఫెన్స్ కూడా అదరగొట్టింది, పేట్రియాట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ వేసిన మొట్టమొదటి పాసే ఇంటర్‌సెప్షన్, నాలుగో క్వార్టర్‌కి వచ్చేసరికి 3-3. అప్పుడు పేట్రియాట్స్ అఫెన్స్ నడిపిన జాష్ మెక్‌డేనియల్స్ చేసిన పని చూడండి, నాకు ఆ మ్యాచ్‌లో అన్నిటికన్నా నచ్చింది అదే. 22 పర్సనెల్ దింపాడు, ఇద్దరు బ్యాక్‌లు, ఇద్దరు టైట్ ఎండ్‌లు, ఒకే ఒక్క రిసీవర్ జూలియన్ ఎడెల్మన్. బ్యాక్‌లలో ఒకడు జేమ్స్ డెవెలిన్, పక్కా ఫుల్‌బ్యాక్, బ్లాక్ చెయ్యడానికి పుట్టినవాడు. అలాంటి మనుషులు వస్తే ఎవడైనా రన్నే అనుకుంటాడు, ర్యామ్స్ కూడా బరువైన మనుషుల్నే దింపింది. తీరా చూస్తే అందర్నీ వెడల్పుగా పరిచేసి బ్యాక్‌ఫీల్డ్ ఖాళీ, బ్రేడీ ఒక్కడే. ఇప్పుడు రన్ ఆపడానికి వచ్చిన లైన్‌బ్యాకర్లు ఖాళీ మైదానంలో ఎడెల్మన్‌నీ టైట్ ఎండ్ రాబ్ గ్రాంకోవ్‌స్కీనీ కాసుకోవాలి.

ఆ డ్రైవ్ ఐదు ప్లేలు, 69 గజాలు. గ్రాంకోవ్‌స్కీకి 18, ఎడెల్మన్‌కి 13, రెక్స్ బర్క్‌హెడ్‌కి 7, మళ్లీ గ్రాంకోవ్‌స్కీకి 29, ఆఖరికి సోనీ మిషెల్ 2 గజాల రన్‌తో టచ్‌డౌన్, ఏడు నిమిషాలు మిగిలున్నాయి. మధ్యలో ఆ మూడు పాస్‌లూ వరసగా ఒకే ప్లే. హాస్ వై-జూక్ అంటారు, బయట ఇద్దరు కాస్త వెళ్లి ఆగుతారు, లోపలి ఇద్దరు నిటారుగా పైకి పోతారు, మధ్యలో ఎడెల్మన్ ఎటు ఖాళీ ఉంటే అటు తిరుగుతాడు, అంతే. బ్రేడీ ఏళ్ల తరబడి వేస్తున్న ప్లే, దాచడానికి ఏమీ లేదు. 29 గజాల పాస్‌లో గ్రాంకోవ్‌స్కీ చుట్టూ మనుషులున్నారు కూడా, అయినా సందులోంచి వేశాడు. ఒకవైపు మనుషులు మార్చకుండా ప్లేలు మార్చి మార్చి అలిసిపోయిన అఫెన్స్, ఇంకోవైపు ప్లే మార్చకుండా మనుషుల్ని మార్చి ఐదు ప్లేల్లో పని ముగించిన అఫెన్స్.

తర్వాత గాఫ్ ఒత్తిడిలో వెనక్కి అడుగులేస్తూ వేసిన పాస్‌ని ఇంకా 4:17 నిమిషాలుండగా పేట్రియాట్స్ డిఫెండర్ స్టెఫాన్ గిల్మోర్ పట్టేసుకున్నాడు, అక్కడితో అయిపోయింది. బెలిచిక్ చేతిలో కోచింగ్‌లోనే ఓడిపోయానని మెక్‌వే అక్కడే ఒప్పుకున్నాడు, గాఫ్ మీదకి తొయ్యలేదు, అంతవరకు మెచ్చుకోవాలి.

కానీ మార్పు వెంటనే రాలేదు. 2019లో చాలా డిఫెన్స్‌లు ఆ ఆరుగురి లైన్‌ని తమకి తోచినట్టు వాడుకున్నాయి, 9-7, ప్లేఆఫ్స్ కూడా లేవు. 2020లో మెక్‌వే డిఫెన్స్ కోఆర్డినేటర్‌గా తెచ్చుకున్నది ఎవర్నంటే బ్రాండన్ స్టేలీని, ఫాంజియో శిష్యుడు! తనని కట్టేసిన తాడునే కొనుక్కొచ్చాడన్నమాట, ఆ ఏడాది ర్యామ్స్ డిఫెన్స్ లీగ్‌లో నంబర్ వన్. 2021లో గాఫ్‌ని, రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లని, ఒక థర్డ్ రౌండ్ పిక్‌ని (డ్రాఫ్ట్‌లో కొత్త ఆటగాళ్లని ఎంచుకునే హక్కులు) డెట్రాయిట్ లయన్స్‌కి ఇచ్చి క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్‌ని తెచ్చుకున్నాడు, షాట్‌గన్ (క్వార్టర్‌బ్యాక్ కొన్ని గజాలు వెనక నిలబడి స్నాప్ అందుకోవడం) పెరిగింది, స్నాప్ తర్వాత చదివే పని క్వార్టర్‌బ్యాక్‌కి వదిలాడు, ఆ సీజన్ చివర్లో బెంగాల్స్‌ని 23-20తో కొట్టి కప్ కొట్టాడు, అవతలి కోచ్ అదే జాక్ టేలర్. 2025కి వచ్చేసరికి ఇదే మెక్‌వే ముగ్గురు టైట్ ఎండ్‌లతో, అంటే 13 పర్సనెల్‌తో, లీగ్‌లో అందరికన్నా ఎక్కువగా ఆడాడు, 2018లో ఎవరైనా ఈ మాట చెప్పుంటే నవ్వేవాళ్లు.

గాఫ్ సంగతి మాత్రం చాలామంది తప్పుగా గుర్తుపెట్టుకున్నారు. సిస్టమ్ లేకపోతే పనికిరాడని తేల్చేశారు కదా, డెట్రాయిట్‌లో అఫెన్స్ నడిపిన బెన్ జాన్సన్ అతని కోసం అదే ప్లే యాక్షన్‌ని రకరకాల మనుషులతో కట్టాడు, అవసరమైతే ఆరో లైన్‌మన్‌ని కూడా దింపాడు. 2024 జనవరి 14న ప్లేఆఫ్స్‌లో ర్యామ్స్ డెట్రాయిట్‌కే వచ్చింది. గాఫ్ 27 పాస్‌ల్లో 22 పూర్తి చేశాడు, 277 గజాలు, లయన్స్ 24-23, ఆ ఫ్రాంచైజీకి 32 ఏళ్లలో మొదటి ప్లేఆఫ్ గెలుపు. చివర్లో ఒక ఫస్ట్ డౌన్ వస్తే, అంటే ఇంకో నాలుగు ప్రయత్నాలు దక్కితే, గేమ్ అయిపోతుందనగా, రన్ చేసి టైమ్ గడిపేయకుండా జాన్సన్ పాస్ కాల్ చేశాడు, గాఫ్ దాన్ని అమోన్-రా సెయింట్ బ్రౌన్‌కి 11 గజాలకి వేశాడు.