కెనిచి కథని నడిపించేది ఫైట్లు కాదు, గురువులు

హైస్కూల్లో మార్షల్ ఆర్ట్స్ ఫైట్లు అనగానే మనకి అలవాటైన లెక్క ఒకటుంది, పిరికి కుర్రాడు ఒకడుంటాడు, వాడిలో వాడికే తెలియని పవర్ ఏదో ఉంటుంది, బాగా దెబ్బలు తిన్నాక అది బయటికొస్తుంది. స్యున్ మత్సుఎనా మాంగా (జపాన్ కామిక్) 'హిస్టరీస్ స్ట్రాంగెస్ట్ డిసైపుల్ కెనిచి' ఆ లెక్క ఒప్పుకోదు. షిరాహమా కెనిచికి టాలెంట్ లేదు, ఆ మాట వాడి గురువులే మొహం మీద చెప్పేస్తారు, 61 వాల్యూమ్స్ అయ్యాక కూడా మాట మార్చరు. నాకు ఈ కథ మీద ఇంత ఇష్టం అందుకే.

2002 నుంచి 2014 దాకా వీక్లీ షోనెన్ సండే అనే జపాన్ పత్రికలో వచ్చింది, 2006లో 50 ఎపిసోడ్ల యానిమే (టీవీ యానిమేషన్ సిరీస్) మొదలైంది. పైకి చూస్తే మామూలు కథే, స్కూల్లో అందరూ ఏడిపించే కుర్రాడు మియు అనే అమ్మాయి వెనకాలే ర్యోజాన్‌పాకు అనే దోజోకి (మార్షల్ ఆర్ట్స్ నేర్పే చోటుకి) వెళ్తాడు, అక్కడినుంచి రాగ్నరాక్ అనే రౌడీ కుర్రాళ్ల గ్యాంగ్‌లో ఒకరి తర్వాత ఒకరితో తలపడతాడు. కానీ పేజీలన్నీ ఫైట్లకే పోవు, ప్రాక్టీస్‌కి కూడా బోలెడు పోతాయి. జుజుత్సు గురువు అకిసామె టైరు మీద కూర్చుంటాడు, ఆ టైరుకి కట్టిన తాడు కెనిచి నడుముకి ఉంటుంది, కొరడా దెబ్బలు తింటూ లాక్కుంటూ పరిగెత్తాలి. ముందు కాళ్లు, నడుము గట్టిపడాలి, టెక్నిక్ సంగతి తర్వాత. కరాటే సకాకి, చైనీస్ కెంపో మా కెన్‌సెయ్, ముయే థాయ్ అపచాయ్ ఎవరికి వాళ్లు నా విద్యే ముందు నేర్చుకో అని పోట్లాడుకుంటారు, చివరికి కెనిచి ఆ నాలుగు విద్యల సారం కలిపి ముబ్యోషి అనే ఒక్క దెబ్బ తయారు చేసుకుంటాడు.

వీళ్లలో నాకు బాగా నచ్చేది అపచాయ్. చిన్నపిల్లాడి మనసు, కానీ చెయ్యి అదుపు చేసుకోవడం రాదు, ప్రాక్టీస్‌లో కొట్టిన దెబ్బకే శిష్యుడి ప్రాణం మీదికొస్తుంది. అందుకని కెనిచికి నేర్పించడం కోసం తను ముందు మెల్లగా కొట్టడం నేర్చుకోవాల్సొస్తుంది. గురువు కూడా శిష్యుడి కోసం మారాలి అన్న మాటని ఇంత సూటిగా చూపించిన ఫైట్ కథ ఇంకోటి నాకు తగల్లేదు.

దీనికి రెండో వైపు రాగ్నరాక్ గ్యాంగ్ లీడర్ ఓడిన్. అసలు పేరు అసామియా ర్యూతో, కెనిచికి చిన్నప్పటి ఫ్రెండ్, ఒక బ్యాడ్జ్ కోసం ఎప్పటికైనా తేల్చుకుందాం అనుకున్నవాళ్లు. వాడికి టాలెంట్ బోలెడు. కానీ వాడికి దొరికిన గురువు ఒగాతా, శిష్యుడు అతనికి ఒక ప్రయోగం, అంతే. శరీరం తట్టుకోలేని టెక్నిక్ వాడిచేత వాడించాడు, వాడు కాస్తా వీల్‌చెయిర్‌లో పడ్డాడు. ఒకే ఈడు, ఒకే ఊరి పిల్లలు, ఒకడికి నువ్వు బతికి ఇంటికి రావాలి అనుకునే వాళ్లు దొరికారు, ఇంకొకడికి దొరకలేదు. తర్వాత వచ్చే యామి (చంపే విద్యే అసలు విద్య అనే గురువుల సంస్థ), చంపే విద్యా కాపాడే విద్యా అనే గొడవంతా ఇక్కడే మొదలైంది. ఆ యామి గురువుల్లో మన కలరిపయట్టు మాస్టర్ సిరిల్ రహమాన్ కూడా ఒకడు, మన దేశం విద్య అక్కడ కనిపిస్తే సంతోషమే, కానీ అది కూడా చంపే వైపే ఉండటం కాస్త బాధ.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, పెద్దవే ఉన్నాయి. మియు కెనిచి కన్నా ఎన్నో మెట్లు పైనున్న ఫైటర్, అలాంటి అమ్మాయి ఫైట్ చేస్తుంటే బొమ్మల్లో చూపంతా ఎక్కువసార్లు ఆమె ఒంటి మీదే ఉంటుంది, ఆమె ఎత్తులు సరిగ్గా కనిపించవు కూడా. అమ్మాయిల మీద చెయ్యెత్తను అన్న కెనిచి నియమాన్ని గొప్పగా చూపించిన రచయితే ఇలా గీయడం నాకు అస్సలు మింగుడు పడదు. చివరి వాల్యూమ్స్ కూడా హడావిడిగా ముగించినట్టే ఉంటాయి, అన్నేళ్లు పెంచిన యామి కథకి తగిన చోటు దొరకలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఓడిన్ ఫైట్ దాకా ఆగకుండా చదవండి, యానిమే కూడా దాదాపు అక్కడిదాకే ఉంది.