జాజ్ మౌతార్గాన్ రికార్డులు: చేతులు మారుతున్న ఒక ‘గైడు’కు జవాబు

పాత రికార్డులు కొనడం కొత్తగా మొదలుపెట్టినవాళ్ళ మధ్య ఒక చిన్న గైడు తెగ తిరుగుతోంది. సారం ఇది: జాజ్‌లో మౌతార్గాన్ అంటే బెల్జియం వాద్యకారుడు టూట్స్ థీలెమాన్స్ ఒక్కరే. ఆయన పేరున్న పాత ఎల్పీ ఏది కనబడినా కొనెయ్యాలి. కవర్ మీద కంపెనీ ఇచ్చిన పాత కేటలాగ్ నంబరుంటే అది మొదటి ముద్రణే. 78 ప్లేట్లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే, ఎల్పీల కంటే ముందు కాలపువి) దొరికితే స్పిరిట్‌తో తుడిచి ఇంట్లో ఉన్న ప్లేయర్ మీదే వినొచ్చు. పాతదైతే చాలు, ధర పెరుగుతూనే ఉంటుంది.

ఇందులో చాలా మాటలు డబ్బు పోగొడతాయి. ఒకటి మాత్రం ప్లేటునే పోగొడుతుంది. ముందు దాని సంగతి చూద్దాం.

“78 ప్లేట్లను స్పిరిట్‌తో తుడవాలి”

వద్దు. 78 ప్లేటులో పొడులన్నిటినీ పట్టి ఉంచే పదార్థం లక్క. మిగతాదంతా పలక రాయి, సున్నపు రాయి వంటివాటి పొడి, నలుపు కోసం మసి, కొంచెం నూలు పీచు. చెక్క సామాన్లకు పాలిష్ పట్టేవాళ్ళు లక్కను కరిగించేది స్పిరిట్‌లోనే. అదే స్పిరిట్‌ను ప్లేటు మీద రుద్దితే గాడి గోడల మీది లక్క కరుగుతుంది, మెరుపు పోయి బూడిద రంగు మచ్చ పడుతుంది, ఆ మచ్చ ఉన్నంత మేరా బుస్సుమనే శబ్దం శాశ్వతంగా ఉండిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అయినా, సర్జికల్ స్పిరిట్ అయినా, ఆల్కహాల్ కలిపిన రెడీమేడ్ రికార్డు క్లీనర్ అయినా ఫలితం అంతే. వినైల్ ఎల్పీకి సరిపడే సీసాను 78 దగ్గరికి రానివ్వకండి.

సరైన పద్ధతి ఖర్చు లేనిది. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో రంగు, వాసన లేని గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు వేయండి. మెత్తటి బ్రష్‌ను తడిపి, గాడి తిరిగే దిక్కులోనే నెమ్మదిగా తిప్పండి. లేబుల్‌కు తడి తగలనివ్వద్దు. 1920ల నాటి లేబుళ్ళ సిరా నీటికే వదిలిపోవచ్చు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, పీచు రాలని గుడ్డతో అద్ది, నీడలో నిలబెట్టి ఆరనివ్వండి. హెయిర్ డ్రయర్ పెడితే ప్లేటు వంగిపోతుంది.

ఒక్క జాగ్రత్త, అదీ మన విషయానికి నేరుగా తగిలేది. అమెరికన్ కొలంబియా 1923 నుంచి పొరల ప్లేట్లు చేసింది: నడుమ ముతక పదార్థం, దానికి రెండు పక్కలా కాగితం, పైన నున్నటి లక్క పొర. 1926లో ఓకే (OKeh) అనే అమెరికన్ రికార్డు కంపెనీ కూడా కొలంబియా చేతిలోకి వెళ్ళింది కాబట్టి, ఆ తర్వాతి ఓకే ప్లేట్లను కూడా ఇలాంటివేననుకుని జాగ్రత్త పడాలి. కింద చెప్పబోయే కొన్ని ముఖ్యమైన మౌతార్గాన్ ప్లేట్లు ఓకేవే. అంచున వెంట్రుకవాసి పగులున్నా నీరు లోపలి కాగితాన్ని చేరి పై పొరను ఉబ్బిస్తుంది. పగులు కనబడితే కడగడం మానేసి, పొడి బ్రష్‌తో సరిపెట్టండి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి చోట్ల మరో బెడద బూజు. పాత కాగితం కవర్లలో తేమ నిలిచి, అక్కడి నుంచి ప్లేటుకు పాకుతుంది. ప్లేట్లను ఆమ్లం లేని కొత్త కవర్లలోకి మార్చి, నిలువుగా పెట్టి, అల్మరాలో సిలికా జెల్ ఉంచండి. గదిలో తేమ 40–50 శాతం మధ్య ఉంటే చాలు. బూజు పట్టిన పాత కవర్ ఎంత అందంగా ఉన్నా దాన్ని ప్లేటుకు దూరంగా విడిగా దాచండి.

“జాజ్ మౌతార్గాన్ టూట్స్‌తో మొదలైంది”

టూట్స్ 1922లో బ్రస్సెల్స్‌లో పుట్టారు. ఆయనకు ఐదేళ్ళు నిండే నాటికే రాబర్ట్ కుక్సీ అనే మౌతార్గాన్ వాద్యకారుడు, గిటార్, బాంజో వాయించే బాబీ లీకన్‌తో కలిసి విక్టర్ కంపెనీకి ప్లేట్లు ఇచ్చేశాడు. 1927లో లీకన్ పేరున వచ్చిన ‘నీడ్-మోర్ బ్యాండ్’ ప్లేట్లలో మౌతార్గాన్ పక్క వాద్యం కాదు, జాజ్ బృందంలో కార్నెట్ (ట్రంపెట్ లాంటి వాద్యం) ఉండాల్సిన స్థానంలో ఉంటుంది.

1929 అక్టోబరులో ఓకే వాళ్ళు వర్జీనియాలోని రిచ్‌మండ్‌కు రికార్డింగ్ యంత్రాలు తీసుకెళ్ళారు. అక్కడ ‘బ్లూస్ బర్డ్‌హెడ్’ పేరుతో జేమ్స్ సైమన్స్ వాయించిన ప్లేటు వినితీరాలి. బటన్ నొక్కి అర్ధస్వరాలన్నీ పలికించే క్రొమాటిక్ మౌతార్గాన్ లేనిదే జాజ్ రాదని గైడులో మరో మాట కూడా ఉంది. దానికి జవాబు ఈ ప్లేటే. అతని చేతిలో ఉన్నది పది రంధ్రాల మామూలు డయటోనిక్, అంటే ఒకే శ్రుతికి కట్టిన, బటన్ లేని మౌతార్గాన్. 8, 9, 10 రంధ్రాల్లో ఊదుతూ స్వరాన్ని కిందికి వంచి, ఆ కాలపు ట్రంపెట్ వాద్యకారులు పలికించే తీరును అందులోంచి తీశాడు. ‘బబ్లింగ్ ఓవర్ ఫైవ్’ అనే బృందం పేరున వచ్చిన ప్లేటులోనూ అతనే ఉన్నాడు. 1940లో ‘రిథం విల్లీ’ ఓకేకు ఇచ్చిన ప్లేట్లూ ఈ దారిలోవే: చిన్న డయటోనిక్, పై స్వరాలు, స్వింగ్ నడక.

క్రొమాటిక్ దగ్గరికొస్తే, బాల్టిమోర్‌లో పుట్టిన లారీ యాడ్లర్ 1938 మే నెలలో పారిస్‌లో గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్, అతని హాట్ క్లబ్ క్వింటెట్ బృందంతో కలిసి కొలంబియాకు వాయించాడు. ఇద్దరూ పూర్తి శక్తితో ఉన్న రోజులవి. మౌతార్గాన్ జాజ్ సేకరించేవారు ముందు వెతకాల్సిన ప్లేట్లు ఇవేనని మా అభిప్రాయం. ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టిన మాక్స్ గెల్డ్రే కూడా 1930ల్లోనే జాజ్ వాయించాడు. బీబీసీ హాస్య కార్యక్రమం ‘గూన్ షో’లో నడుమ నడుమ వచ్చే మౌతార్గాన్ అతనిదే.

1942 ఆగస్టు 1న అమెరికన్ సంగీతకారుల సంఘం రికార్డింగుల మీద నిషేధం పెట్టింది. డెక్కా 1943లో రాజీకి వచ్చింది, విక్టర్, కొలంబియా 1944 నవంబరు దాకా ఆగాయి. ఆ కాలపు తేదీ ఉన్న మౌతార్గాన్ రికార్డింగ్ కనబడితే నకిలీ అనుకునేవారున్నారు. అప్పట్లో సంఘం మౌతార్గాన్‌ను వాద్యాల లెక్కలోకే తీసుకోలేదు, కాబట్టి అది వాయించేవారికి ఆ కట్టడి వర్తించలేదు. తేదీని మాత్రమే చూసి ప్లేటును పక్కన పెట్టకండి.

“పేరుంటే మౌతార్గాన్ ఉన్నట్టే”

టూట్స్ గిటారిస్టు కూడా. 1953 నుంచి 1959 వరకు పియానో వాద్యకారుడు జార్జ్ షియరింగ్ బృందంలో ఆయన ముఖ్యంగా వాయించింది గిటారే. ఆయనకు ప్రపంచమంతా పేరు తెచ్చిన ‘బ్లూసెట్’ 1962 రికార్డింగులో వినిపించేది గిటారు, దానితో కలిపి ఆయన వేసిన ఈల. మౌతార్గాన్ కోసం దాన్ని కొన్నవాళ్ళు బిత్తరపోతారు. ‘మ్యాన్ బైట్స్ హార్మోనికా’ అనే ఎల్పీలో కూడా ఆయన రెండు వాద్యాలూ వాయించారు. పాట పాటకూ ఏ వాద్యమో వెనక కవర్ మీది వివరాల్లో చూసి కొనండి.

దీనికి రెండో వైపు: కవర్ మీద మౌతార్గాన్ బొమ్మ ఉన్నంత మాత్రాన అది జాజ్ కాదు. 1947లో వైటాకౌస్టిక్ లేబుల్ మీద హార్మోనికాట్స్ ఇచ్చిన పెద్ద హిట్టు చక్కటి పాప్ రికార్డు. పాత సామాన్ల దుకాణాల్లో అమెరికా అంతటా దొరుకుతుంది. బోరా మినెవిచ్ బృందానిది వినోద ప్రదర్శనల వాద్యం. నచ్చితే కొనుక్కోవచ్చు, జాజ్ ధర పెట్టక్కర్లేదు.

“నంబరు సరిపోతే మొదటి ముద్రణే”

‘మ్యాన్ బైట్స్ హార్మోనికా’నే తీసుకుందాం. 1957 చివర, 1958 మొదట్లో న్యూయార్క్‌లో రికార్డయింది. పెప్పర్ ఆడమ్స్ బ్యారిటోన్ శాక్సొఫోన్, కెన్నీ డ్రూ పియానో, విల్బర్ వేర్ బాస్, ఆర్ట్ టేలర్ డ్రమ్స్. మోనో (ఒకే చానల్) ముద్రణ నంబరు రివర్‌సైడ్ కంపెనీ ఆర్‌ఎల్‌పీ 12-257. రివర్‌సైడ్ 1964లో దివాలా తీసింది. తర్వాత ఆ జాబితా చేతులు మారింది, చివరికి ఫాంటసీ సంస్థ ‘ఒరిజినల్ జాజ్ క్లాసిక్స్’ (ఓజేసీ) వరుసలో పాత ముఖచిత్రంతోనే మళ్ళీ వేసింది. ఆ వరుసలో కొత్త ఓజేసీ నంబరుతో పాటు పాత నంబరును కూడా ముద్రించారు. ఆ పాత నంబరును మాత్రమే ఫోటో తీసి ‘ఒరిజినల్’ అని అమ్మడం అందుకే సులువు.

చూడాల్సినది లేబుల్. నీలం లేబుల్, పైన మైక్రోఫోన్ గుర్తు, కింది అంచున ‘బిల్ గ్రాయర్ ప్రొడక్షన్స్’ అనే వరుస ఉంటే రివర్‌సైడ్ సొంత కాలపుది. అదే వరుసలో ‘ఆర్ఫియం ప్రొడక్షన్స్’ అని ఉంటే దివాలా తర్వాతిది. లేబుల్ చుట్టూ వేలికి తగిలే లోతైన గుండ్రటి గాడి పాత అచ్చులకు గుర్తే కానీ, అదొక్కటే రుజువు కాదు, పాత అచ్చులను తర్వాత కూడా వాడారు. కవర్ మీద బార్‌కోడ్ ఉంటే చర్చే అనవసరం.

ఇక పాట ముగిసిన చోట నునుపు భాగంలో గీసిన మ్యాట్రిక్స్ నంబరు, అంటే ఏ మూల అచ్చు నుంచి వచ్చిందో చెప్పే గుర్తు. కొలంబియా ఎల్పీలకు చివర ‘1ఎ’ ఉంటేనే మొదటిదని గైడు చెబుతుంది. కొలంబియా ఒకే సమయంలో అనేక లక్కర్లు (అచ్చులకు మూలంగా గాడి చెక్కిన డిస్కులు) కోసి బ్రిడ్జ్‌పోర్ట్, టెర్రె హోట్, హాలీవుడ్ ఫ్యాక్టరీలకు పంచేది. 1ఎ, 1డి రెండూ ఒకే వారంలో దుకాణానికి వచ్చి ఉండొచ్చు. అక్షరం కంటే లేబుల్ డిజైన్‌కు విలువ ఎక్కువ: కన్ను ఆకారపు గుర్తులు ఆరున్న లేబుల్ 1962 దాకా, రెండున్నది ఆ తర్వాత.

“ఏ ప్లేయరైనా, ఏ ముల్లైనా సరిపోతుంది”

స్టీరియో ఎల్పీ ముల్లు మొన సుమారు 18 మైక్రాన్లు, పాత మోనో ఎల్పీది 25, 78 ప్లేటుది 65 నుంచి 75. ఎల్పీ ముల్లు 78 గాడిలో గోడలకు ఆనదు, అడుగున పేరుకున్న దుమ్ములో పొర్లుతుంది. వినిపించేది సంగీతం కంటే గరగర ఎక్కువ, ముల్లూ పాడవుతుంది. 78 కోసం చేసిన ముల్లు కొనండి, బరువు ఆ కార్ట్రిడ్జి తయారీదారు చెప్పినంతే పెట్టండి. కొన్నిటికి 2 గ్రాముల లోపు, కొన్నిటికి 5 గ్రాములు. మోనో రికార్డులకు యాంప్లిఫయర్‌లో మోనో స్విచ్ వేస్తే నిలువు కదలికల వల్ల వచ్చే చప్పుడు తగ్గుతుంది.

ముల్లు మార్చాక కూడా యాడ్లర్ ప్లేటు మూగగా వినిపిస్తే తప్పు ఫోనో ప్రీయాంప్‌ది, అంటే ముల్లు నుంచి వచ్చే సంకేతాన్ని పెంచి స్వరాల సమతూకం సరిచేసే పెట్టెది. 1954 తర్వాత స్థిరపడ్డ ఆర్‌ఐఏఏ అనే సమతూకం పద్ధతి 10 కిలోహెర్ట్జ్ దగ్గర 13.7 డెసిబెల్స్ కోస్తుంది, ఎందుకంటే ఎల్పీ కోసేటప్పుడు అంతే పెంచి ఉంటారు. 1930ల నాటి ఈఎంఐ ప్లేట్లలో (యూరప్‌లో కొలంబియా అప్పుడు ఈఎంఐదే) ఆ పెంపు సాధారణంగా లేదు. కింది స్వరాల మార్పు 250 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, పైన కోత అక్కర్లేదు. లేని పెంపుకు కోత పెడితే మొదట పోయేది రీడు పదును, ఊపిరి తగిలే శబ్దం. మౌతార్గాన్‌ను మౌతార్గాన్‌గా నిలిపేవి అవే. ఈక్వలైజేషన్ మార్చుకునే ప్రీయాంప్ లేకపోతే, ఫ్లాట్‌గా కంప్యూటర్‌లోకి ఎక్కించి అక్కడ సరిచేసుకోవచ్చు.

వేగం సంగతి మరీ ముఖ్యం. 50 హెర్ట్జ్ కరెంటున్న మన దేశంలో 77 గీతల స్ట్రోబ్ డిస్కు (వేగం చూసుకునే గీతల చక్రం) విద్యుద్దీపం కింద నిశ్చలంగా కనిపిస్తే వేగం నిమిషానికి 77.92 చుట్లు, అమెరికాలో 92 గీతలకు 78.26. పాత ప్లేట్లన్నీ సరిగ్గా ఆ వేగంతో కోసినవి కావు. వేగం 6 శాతం తప్పితే శ్రుతి ఒక అర్ధస్వరం మారుతుంది. గాయకుడి ప్లేటులో దీన్ని పట్టుకోవడం కష్టం. మౌతార్గాన్‌లో ఇత్తడి రీడ్ల శ్రుతి ఫ్యాక్టరీలోనే స్థిరపడుతుంది, గిటారు లాగా బిరడా తిప్పి మార్చేది కాదు. వంచకుండా నిలిపిన స్వరం తీసుకుని ట్యూనర్‌తో చూడండి. ఏ శ్రుతికీ చెందకుండా రెండు శ్రుతుల నడుమ, 3 శాతం అటో ఇటో పడితే, తప్పు దాదాపుగా వేగానిదే.

“పాతదైతే ధర పెరుగుతూనే ఉంటుంది”

పెరగదు. 1979లో వార్నర్ బ్రదర్స్ విడుదల చేసిన పియానో వాద్యకారుడు బిల్ ఎవాన్స్ ‘అఫినిటీ’లో టూట్స్ వాయింపు అమోఘం. అయినా పెద్ద కంపెనీ వేసిన రికార్డు కాబట్టి కాపీలకు కొరత లేదు. వినడానికి తప్పకుండా కొనండి, పెట్టుబడిగా వద్దు. అమ్మేవాళ్ళు అడుగుతున్న ధర కాదు, నిజంగా అమ్ముడుపోయిన ధరల చరిత్ర చూడండి.

ధరను నిలబెట్టేది స్థితి. మౌతార్గాన్ విషయంలో స్థితి అంటే గీతలు మాత్రమే కాదు. పొడవుగా నిలిపే స్వరం రికార్డులోని ప్రతి లోపాన్నీ బయటపెడుతుంది. నడి రంధ్రం 1 మిల్లీమీటరు పక్కకు పడితే, లేబుల్‌కు దగ్గరగా 7 సెంటీమీటర్ల వ్యాసార్ధం వద్ద వేగం ఇటూ అటూ 1.4 శాతం ఊగుతుంది. అంటే అర్ధస్వరంలో పావు వంతు పైకీ, పావు వంతు కిందికీ. ఎల్పీలో ఆ ఊగు ప్రతి 1.8 సెకన్లకు ఒకసారి వస్తుంది. డ్రమ్స్ సోలోలో తెలియదు, నెమ్మదైన మౌతార్గాన్ పాటలో (బల్లాడ్‌లో) భరించలేం. ప్లేయర్ ఆర్మ్ పక్కలకు ఊగుతోందో లేదో వీడియో అడగండి.

రెండోది గాడి అరుగుదల. ఉక్కు ముళ్ళతో వాయించిన 78ల్లో గట్టి స్వరాలున్న చోట బూడిద రంగు చారలుంటాయి. ఒకే బల్బు కింద ప్లేటును వాలుగా పట్టి ఫోటో తీయించండి, మెరుపు పోయిన చోట్లు తేలిపోతాయి. అక్కడ పై స్వరాలు చిరిగినట్టు జీరపోతాయి, ఎంత కడిగినా తిరిగి రావు. ‘వీజీ ప్లస్’ (వెరీ గుడ్ ప్లస్) అనే స్థితి గుర్తు చూసి ఇచ్చారో, విని ఇచ్చారో ముందే అడగండి. విన్నామంటే, ప్రతి వైపు చివరి నిమిషం ఆడియో పంపమనండి. ఎల్పీలో శబ్దం చెదిరేది (డిస్టార్షన్) ఎక్కువగా లోపలి గాడుల్లోనే.

విదేశాల నుంచి తెప్పించేటప్పుడు 78ని దానికంటే అన్ని వైపులా 2 సెంటీమీటర్లు పెద్దవైన రెండు అట్టల మధ్య బిగించమనండి, ఆ కట్టను పెట్టెలో వేసి చుట్టూ కనీసం 5 సెంటీమీటర్ల మెత్త నింపమనండి. ఎల్పీని కవర్‌లోంచి బయటికి తీసి, కవర్ వెనక విడిగా పెట్టి పంపమనండి. లోపలే ఉంచితే దారిలో డిస్కు అంచు కవర్ కుట్టును చీల్చేస్తుంది.