శివారు చేనును అడిగారా?

మొన్న మన సంఘం వార్షిక సమావేశంలో సొంతూళ్ళ ప్రాజెక్టుల నివేదిక చదువుతూ తెర మీద ఒక ఫొటో వేశారు. పశువుల పాకలో ఓ మూల, దుమ్ము కొట్టుకుపోయిన డ్రమ్ సీడర్లు, అంటే నారు పోయకుండా మొలకెత్తిన వరి విత్తనాన్ని నేరుగా చేలో సాళ్ళుగా వేసే పనిముట్లు. కోనసీమలో ఒక ఊరికి మనమందరం చందాలేసుకుని కొనిచ్చినవే. ఎంత చెప్పినా మనవాళ్ళు మారరని వేదిక మీద నుంచి ఒక మాట వచ్చింది. హాలంతా నవ్వింది. ఆ నవ్వు ఆ చేలు చేస్తున్నవాళ్ళకు జరిగిన అన్యాయం. అందుకే ఈ నాలుగు మాటలు.

డ్రమ్ సీడర్ మంచి పనిముట్టు, అందులో పేచీ లేదు. ఊడ్పులకు ఎకరానికి పది పన్నెండు మంది కూలీలు కావాలి, అదీ ఊరంతటికీ ఒకే వారంలో. సీడర్ ఉంటే ఇద్దరు మనుషులు రోజుకు రెండెకరాలు విత్తేస్తారు. ఆకుమడి (నారుమడి) పని ఉండదు, విత్తనం మిగులుతుంది, పంట వారం పది రోజులు ముందే కోతకొస్తుంది. స్వర్ణ లాంటి 150 రోజుల రకం వేసే నేలలో ఆ పది రోజుల విలువ ఎంతో 1996 నవంబరు 6 తుపాను చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

అయితే దానికి తగ్గ చేను కావాలి. దమ్ము చేసి, చదును చేసి, నీరు తీసేసి, బురద కాస్త పేరుకున్నాక లాగాలి. విత్తనం 24 గంటలు నానబెట్టి, మరో 24 గంటలు మండె కట్టాలి, అంటే మొలకెత్తేలా మూటకట్టి ఉంచాలి. ముక్కు తెల్లగా పగిలితే చాలు. మొలక పొడుగైతే ఒకదానికొకటి చిక్కుకుని డ్రమ్ము రంధ్రాలు పూడుకుపోతాయి, సాళ్ళలో ఖాళీలు పడతాయి. డ్రమ్మును మూడింట రెండు వంతులే నింపాలి. విత్తిన మూడు నుంచి ఐదు రోజుల్లో కలుపు మందు పడాలి, లేకపోతే నీరు నిలవని చేలో వరిని మించి ఊద గడ్డి లేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, మొదటి వారం పది రోజులు తడి ఉండాలి గానీ నీరు నిలవకూడదు. వాన పడితే ఆ నీరు ఆ రోజే బయటికి పోవాలి.

పోవడానికి దారేదీ? ఆ ఊరి శివారు చేల (కాలువ చివరి పల్లపు చేల) నీరు బయటికి పోయే మురుగు బోదె గుర్రపు డెక్కతో, తూటికాడతో, కిక్కిసతో నిండిపోయి ఉంది. మనం సీడర్లు ఇచ్చింది తొలకరికి. విత్తిన నాలుగో రోజు గట్టి వాన పడితే కాలువ మొదట్లో ఉన్న మెరక చేలు సాయంత్రానికి తేరుకుంటాయి, శివారులో మొలక నీటికింద కుళ్ళిపోతుంది. ఆకుమడిలో పెరిగిన జానెడు నారైతే ఆ ముంపును రెండు మూడు రోజులు తట్టుకుంటుంది. శివారు రైతు పాత పద్ధతికి తిరిగి వెళ్ళాడంటే లెక్క తెలిసే వెళ్ళాడు.

ఇది ఒక్క ఊరి సంగతి కాదు. 2022లో తుపానులకు ముందే పంట ఇంటికి చేరాలని గోదావరి డెల్టాకు జూన్ 1నే నీళ్ళు వదిలారు. ఆలోచన సరైనదే. అదే ఏడాది కోనసీమలో కొన్ని మండలాల రైతులు పంట వేయబోమంటూ పంట విరామం ప్రకటించారు. 2011లోనూ అలాగే చేశారు. వాళ్ళు చెప్పిన కారణాల్లో గిట్టుబాటు ధరతో పాటు మురుగు కాలువలూ ఉన్నాయి. తూము దగ్గర తేదీ ముందుకు జరిగింది, ముంపు మాత్రం ఉన్నచోటే ఉంది.

మనలో చాలామంది ఆఫీసుల్లో ఇలాంటి మార్పులే నడిపేవాళ్ళం. కొత్త సిస్టమ్ పెట్టేముందు పాతదాన్ని కొన్నాళ్ళు పక్కనే నడుపుతాం, తేడా వస్తే వెనక్కి వెళ్ళే దారి ఉంచుకుంటాం, ఎవరి పని పోతుందో ముందే చూసుకుంటాం. ఊరి విషయానికొచ్చేసరికి సీడర్లు అప్పగించి, ఫొటోలు దిగి వచ్చేశాం.

నీటి సంఘం (కాలువ కింది రైతుల సంఘం) అధ్యక్షుడైనా, చందాలు పోగుచేసే మన అధ్యక్షుడైనా, కాలువలకు నీళ్ళు ఆపేశాక వేసవిలో ముందు మురుగు కాలువ గట్టు మీద నడవాలి. అది వెళ్ళి కలిసే చోటు నుంచి ఎగువకు నడవాలి. పూడిక తీయడం కూడా అక్కడే మొదలెట్టాలి. ఎగువన ముందు తీస్తే కొట్టుకొచ్చిన డెక్కంతా దిగువన అడ్డం పడుతుంది. తీసిన దాన్ని గట్టు మీద వదిలేస్తే మొదటి వానకే మళ్ళీ కాలువలోకి జారుతుంది, కనుక దూరంగా తోలించే ఖర్చు అంచనాలోనే ఉండాలి. సముద్రం వైపున్న ఊళ్ళలో మురుగు కాలువ చివరి స్లూయిజు తలుపులు సరిగా పడుతున్నాయో లేదో చూసుకోవాలి, లేకపోతే పోటు సమయంలో ఉప్పునీరు ఎదురెక్కుతుంది.

సీడర్‌ను మొదట సార్వాలో (వానాకాలం పంటలో) కాదు, దాళ్వాలో (రెండో పంటలో) దించాలి. వానల బెడద తక్కువ, నీరు మన చేతిలో ఉంటుంది, 120 రోజుల రకాలున్నాయి. దాళ్వాలో శివారుకు వచ్చే చిక్కు వేరు: తడి అందదు. విత్తే వారంలో కొద్దికొద్దిగా, తరచుగా నీరు కావాలి కాబట్టి వంతులు ఎలా తిప్పాలో కాలువ నీరు వదిలే లస్కరుతో ముందే మాట్లాడుకోవాలి. ఒక్క రైతును ఆదర్శంగా నిలబెట్టకూడదు. పక్క చేలో దమ్ము చేస్తే ఆ నీరు ఇతని మొలక మీదకే వస్తుంది, ముందు విత్తిన ఒంటరి చేను మీదే పిట్టలూ ఎలుకలూ పడతాయి. అందుకని ఒక బోదె కింద ఉన్న చేలన్నీ ఒకే వారంలో విత్తాలి. ఖాళీలు పూడ్చడానికి రెండు సెంట్ల ఆకుమడి ఉంచుకోవాలి. ఊడ్పుల ముఠాలతో కూడా ముందే కూర్చోవాలి, వాళ్ళకు పోయే రోజులెన్ని, కలుపు తీతలో దొరికే రోజులెన్ని అని.

ఊరివాళ్ళ తప్పులూ ఉన్నాయి. మొదట్లో ఉన్నవాళ్ళు రాత్రిపూట గట్టు కొట్టి శివారు నీరు తమ చేలకు తిప్పుకుంటారు. మురుగు బోదెను ఏడాదికో అడుగు చొప్పున చేలో కలిపేసుకుంటారు. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాక కూడా సమావేశంలో శివారు రైతుకు కుర్చీ చివర్లోనే. ఇవి మారాలి, గట్టిగానే అడగాలి.

కానీ అడిగే ముందు మన సంగతి చూసుకుందాం. ఆ చేలు చేస్తున్నవాళ్ళలో చాలామంది కౌలుదార్లు. ఆ భూముల పట్టాలు మన పేర్ల మీద, మన అన్నదమ్ముల పేర్ల మీద ఉన్నాయి. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం భూయజమాని 11 నెలల ఒప్పందం మీద సంతకం పెడితే కౌలుదారుకు కార్డు వస్తుంది, పంట రుణానికీ పంట పోతే పరిహారానికీ అదే ఆధారం. యాజమాన్య హక్కుకు దానివల్ల భంగం లేదని ఆ చట్టమే చెబుతోంది. అయినా భూమి చేజారుతుందన్న భయంతో సంతకం పెట్టం. ఆ కాగితానికే మనం ఇంత జంకుతుంటే, ఏ రక్షణా లేకుండా మొలకను వానకు ఒప్పజెప్పమని కౌలు రైతును ఎలా అడుగుతాం?

సంక్రాంతికి ఊరెళ్తున్నవాళ్ళందరికీ ఒక మనవి. పొలం చేస్తున్నాయన్ని పిలిచి ఆ ఒప్పందం మీద సంతకం పెట్టి రండి. కొత్త పద్ధతి వేసిన మొదటి పంట దెబ్బతింటే కౌలు బస్తాలు అడగబోమని అందరి ముందూ మాటివ్వండి. సంఘం కార్యవర్గానికి కూడా ఒక మాట. ఈ ఏడు వచ్చే విరాళంతో కొత్త సీడర్లు కొనొద్దు. ఆ ఊరి మురుగు కాలువ వెళ్ళి కలిసే చోటు నుంచి మొదటి కిలోమీటరు పూడిక తీయించండి, నీటి సంఘం తీర్మానం మీద శివారు రైతుల సంతకాలు ముందు పడ్డాకే డబ్బు పంపండి. పాకలో ఉన్న సీడర్లు ఎక్కడికీ పోవు, దాళ్వాకు కడిగి దించుకుంటారు.