నాన్నని ఏఎల్ఎస్ క్లినిక్‌కి తీసుకెళ్లేది మందు కోసం కాదు

ఇండియాలో ఏఎల్ఎస్ (కండరాలని కదిలించే నరాలు క్రమంగా దెబ్బతినే జబ్బు) అని డాక్టర్లు తేల్చేసిన అమ్మనో నాన్ననో ఇక్కడికి, అమెరికాకి, రప్పించి "ఒకసారి పెద్ద డాక్టర్‌కి చూపిద్దాం" అనుకోవడం మన ఇళ్లలో మామూలే. చూపించొద్దని నేననను. మా మామగారి విషయంలో మేమూ అదే చేశాం, చేసి మంచిపనే చేశాం. కానీ ఎందుకు చూపిస్తున్నామో తేల్చుకోకుండా అపాయింట్‌మెంట్ వేటలో పడితే డబ్బుతో పాటు ఆ పెద్దాయనకి మిగిలిన కాస్త ఓపికా ఖర్చయిపోతుంది.

మందు కోసమే అయితే ఇంత దూరం రానక్కర్లేదు. ఈ జబ్బుకి వాడే రిలుజోల్‌కి ఇక్కడ మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఒప్పుకుంది 1995లో. ఆ 50 మిల్లీగ్రాముల మాత్ర హైదరాబాద్‌లో జనరిక్‌గా దొరుకుతుంది. దానివల్ల ఆయుష్షు పెరిగేది సగటున రెండు మూడు నెలలని ట్రయల్స్‌లో తేలింది. 2017లో ఇక్కడ అనుమతి పొందిన ఎడారవోన్ కూడా అక్కడ ఉంది. అందరూ ఆశపడ్డ రెలివ్రియో అనే మందు 2022లో వచ్చింది, పనిచేయదని పెద్ద ట్రయల్‌లో తేలింది, 2024లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. 2023లో వచ్చిన టోఫెర్సెన్ ఎస్‌ఓడీ1 జన్యువులో మార్పు ఉన్నవాళ్లకే. అలాంటివాళ్లు మొత్తం రోగుల్లో నూటికి ఇద్దరు. అదీ వెన్నులోకి నెలనెలా ఎక్కించుకోవాల్సిన మందు, విజిటర్‌గా వచ్చిన మనిషికి కుదిరే పని కాదు. ఇక స్టెమ్ సెల్స్ అని వాట్సాప్‌లో తిరిగే వీడియోల గురించి నేను మాట్లాడను, బీపీ పెరుగుతుంది.

మరి ఎందుకు తీసుకెళ్లాలి? మొదటిది, అది నిజంగా ఏఎల్ఎస్సేనా అని మళ్లీ ఒకసారి తేల్చుకోవడానికి. ఈ జబ్బుని ఒక్క రక్తపరీక్షతో పట్టుకోలేరు. కండరాలు చూసి, రిఫ్లెక్సులు చూసి, కండరాల్లోకి సూదులు గుచ్చి చూసే ఈఎంజీ చేసి, మిగతావన్నీ కాదనుకున్నాక ఆ పేరు పెడతారు. మెడ ఎముకలు అరిగి వెన్నుపాముని నొక్కినా చేతులు సన్నబడతాయి, కాళ్లు బిగుసుకుంటాయి. మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతీ అని ఇంకోటుంది. అది పైకి అచ్చం ఇలాగే కనిపించినా ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు ఎక్కిస్తే తగ్గుతుంది. ఏఎల్ఎస్ కేసులే రోజూ చూసే న్యూరాలజిస్టు చేత ఈ తేడా చూపించుకోవడం కోసం ఎంత కష్టపడ్డా తప్పులేదు.

రెండోది నా దృష్టిలో అంతకంటే పెద్దది. ఇక్కడి ఏఎల్ఎస్ క్లినిక్‌లో ఒక్క డాక్టరే ఉండడు. పేషెంటు ఒకే గదిలో కూర్చుంటే ఊపిరి కొలిచేవాళ్లు, మింగడం చూసేవాళ్లు, తిండి సంగతి చూసేవాళ్లు, ఫిజియోథెరపిస్టు, సోషల్ వర్కరు ఒకరి తర్వాత ఒకరు వస్తారు. పూట పైనే పడుతుంది, మనిషి అలిసిపోతాడు కూడా. కానీ ఆ పూటలో తేలే సంగతులు ఏ మందుబిళ్లా తేల్చలేనివి. ఊపిరితిత్తుల బలం ఎంత, పడుకున్నప్పుడు ఎంత పడిపోతోంది, పొద్దున లేవగానే వచ్చే తలనొప్పికి రాత్రి ఊపిరి చాలకపోవడమే కారణమా, మాస్క్‌తో ఊపిరికి సాయం చేసే బైపాప్ మెషీన్ ఎప్పుడు మొదలుపెట్టాలి, తిండి కోసం పొట్టలోకి గొట్టం వేయించుకోవాలంటే ఊపిరి మరీ తగ్గకముందే ఎప్పుడు వేయించుకోవాలి. బ్రిటన్‌లో చేసిన ఒక ట్రయల్ 2006లో వచ్చింది. మాట, మింగడం మరీ దెబ్బతినని రోగుల్లో బైపాప్ లాంటి మాస్క్ వాడినవాళ్లు వాడనివాళ్ల కంటే సుమారు ఏడు నెలలు ఎక్కువ బతికారు. రిలుజోల్ ఇచ్చేదానికి రెట్టింపు పైమాటే. ఆ మెషీన్ హైదరాబాద్‌లో కొనుక్కోవచ్చు, అద్దెకీ దొరుకుతుంది. ఎప్పుడు పెట్టాలో చెప్పే మనిషే కావాలి.

అందుకే ఈ కన్సల్టేషన్‌ని వైద్యం అనుకోవద్దు. ఊరికి తీసుకెళ్లే ప్లాన్ రాయించుకోవడం అనుకుంటే, ఏం అడగాలో ఏం అక్కర్లేదో దానంతటదే తెలుస్తుంది.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్తాను. క్లినిక్ ముందు రిఫరల్, రికార్డులు అడుగుతుంది, అవి చూశాకే తేదీ ఇస్తుంది. వారాలు పడుతుంది కాబట్టి వాళ్లు విమానం ఎక్కకముందే మొదలుపెట్టాలి. వాట్సాప్‌లో ఫొటో తీసి పంపిన రిపోర్టు ఇక్కడెవరికీ అక్కరకు రాదు. ఎమ్మారై సీడీ కావాలి, ఈఎంజీ అయితే చివరి అభిప్రాయం పేజీ ఒక్కటే కాదు, ఏ కండరంలో ఏం కనిపించిందో రాసిన టేబుల్ పేజీలూ కావాలి. అవి సరిగా ఉంటే ఆ సూదుల పరీక్ష మళ్లీ చేయకుండా వదిలేసే అవకాశం ఉంది. పేరు కూడా చూసుకోండి. డయాగ్నొస్టిక్ సెంటర్ రిపోర్టులో ఇంటిపేరు ఒక్క అక్షరమై కూర్చుంటుంది, పాస్‌పోర్టులో మొత్తం ఉంటుంది, ఆస్పత్రి కంప్యూటర్‌కి వాళ్లిద్దరూ వేరువేరు మనుషులు. వీసా విషయానికొస్తే, బీ-2 విజిటర్ వీసా మీద వైద్యం కోసం రావచ్చు. డాక్టర్ల లెటర్లు, ఖర్చు ఎవరు పెట్టుకుంటారో చూపే కాగితాలు పట్టుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పి రావడమే మేలు.

డబ్బు దగ్గర మనవాళ్లు రెండు భ్రమల్లో ఉంటారు. ఒకటి, విజిటర్ ఇన్సూరెన్స్ ఉందిగా అని. ముందే ఉన్న జబ్బుకి ఆ పాలసీలు ఇలాంటి కన్సల్టేషన్ ఖర్చు ఇవ్వవు. "అక్యూట్ ఆన్‌సెట్" అని రాసి ఉన్నా అది హఠాత్తుగా ముంచుకొచ్చే అత్యవసరానికి మాత్రమే. రెండోది, ఏఎల్ఎస్‌కి మెడికేర్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) వెంటనే ఇస్తారటగా అని. నిజమే, 2001 నుంచి రెండేళ్లు ఆగాల్సిన పని లేకుండా ఇస్తున్నారు, కానీ అది ఇక్కడ పనిచేసి డిజబిలిటీకి అర్హత సంపాదించినవాళ్లకి. మీ నాన్నగారికి రాదు. సొంతంగా కట్టుకునేవాళ్లకి ముందే అంచనా బిల్లు రాసివ్వాలని 2022 జనవరి నుంచి చట్టం ఉంది, అడిగి తీసుకోండి. డాక్టర్ బిల్లు, ఆస్పత్రి బిల్లు వేరువేరుగా వస్తాయి, రెండూ ఉన్నాయో లేదో చూడండి.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్న సంగతి. ఆ గదిలో మాట్లాడాల్సింది పేషెంటు, కొడుకు కాదు. "ఆయనకి జబ్బు పేరు చెప్పకండి, బెంగ పెట్టుకుంటాడు" అని డాక్టర్‌ని పక్కకి పిలిచే అలవాటు మనది. ప్రేమతోనే చేస్తాం, కాదనను. కానీ ఇక్కడి ఆస్పత్రులు దుబాసీని ఉచితంగా ఇవ్వాలి, ఫోన్లోనో వీడియోలోనో తెలుగు మాట్లాడేవాళ్లని తెప్పిస్తారు. అపాయింట్‌మెంట్ ఇచ్చినప్పుడే చెప్పి పెట్టుకోవాలి. "మాకు ఇంగ్లీషు వచ్చు, అక్కర్లేదు" అని సంతకం పెట్టకండి.

మా మామగారి దగ్గరికి చక్రాల స్టాండు మీద ఒక ట్యాబ్లెట్ తోసుకొచ్చారు. అందులో తెలుగు దుబాసీ ఒకావిడ. డాక్టర్ మొదటి ప్రశ్న అడిగేలోపే మామగారు "మీదేవూరమ్మా?" అన్నారు. విన్న ప్రతి మాటా అటు చెప్పాలన్నది వాళ్ల రూలు కాబట్టి ఆవిడ ఆ ప్రశ్నని కూడా డాక్టర్‌కి ఇంగ్లీషులో చెప్పింది. డాక్టర్ నవ్వి, తన ఊరి పేరు చెప్పాడు. జబ్బు ఎప్పట్నుంచి అని డాక్టర్ అడిగితే మా బావమరిది అలవాటుగా "లాస్ట్ సమ్మర్" అన్నాడు. మామగారు చెయ్యి అడ్డం పెట్టి, అంతకుముందు సంక్రాంతికే చొక్కా గుండీలు పట్టు దొరకలేదనీ, అత్తయ్య పెట్టిందనీ, ఎవరికీ చెప్పొద్దన్నాననీ చెప్పారు. అందరూ అనుకున్నదానికంటే జబ్బు ఆరునెలలు పాతది. జబ్బు ఎంత వేగంగా నడుస్తోందో డాక్టర్ వేసుకునే లెక్క దాంతో మారిపోయింది. చివర్లో ఏమైనా అడుగుతారా అంటే ఆయన అడిగింది మందు గురించి కాదు: "తిరుగు టికెట్ ముందుకి జరపమంటారా?"

మా ఎవరికీ తట్టని ప్రశ్న అది. విమానం లోపల గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున్న కొండమీద ఉన్నట్టుంటుంది. ఊపిరి పీల్చే కండరం డయాఫ్రమ్ బలహీనపడ్డ మనిషికి అంతసేపు ఆ గాలి చాలకపోవచ్చు. బైపాప్ వెంట తీసుకెళ్లాలంటే బ్యాటరీల గురించి ఎయిర్‌లైన్స్‌కి ముందే చెప్పి, డాక్టర్ లెటర్ పెట్టుకోవాలి. ఆరునెలలు ఉండనిచ్చారు కదా అని ఆరునెలలూ ఉంచుకునే జబ్బు కాదిది. టికెట్ తేదీని ఊపిరి కొలతలు చూసి పెట్టుకోవాలి.

మాట ఉండగానే ఇంకో రెండు పనులున్నాయి. ఒకటి, ఆయన గొంతుతో ఆయన మాటలే రికార్డు చేసి పెట్టుకోవడం. "ఏరా, తిన్నావా" దగ్గర్నుంచి "ఫ్యాన్ తగ్గించు" దాకా. స్పీచ్ థెరపిస్టులు దీన్ని మెసేజ్ బ్యాంకింగ్ అంటారు, ఏ భాషలోనైనా చేసుకోవచ్చు. రెండోది, గొంతుకి రంధ్రం చేసి వెంటిలేటర్ పెట్టించుకుంటారా లేదా అన్నది ఆయన్నే అడగడం. ఇండియా సుప్రీంకోర్టు 2018లో లివింగ్ విల్‌ని (ఎలాంటి వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకునే కాగితాన్ని) ఒప్పుకుంది, 2023లో దాని పద్ధతిని తేలిక చేసింది, కాబట్టి ఆయన నిర్ణయాన్ని ఇండియాలో చెల్లేలా రాసుకోవచ్చు.

ఊరెళ్లాక చూసేది ఇక్కడి డాక్టర్ కాదు, నిమ్స్‌లోనో విజయవాడలోనో ఉండే న్యూరాలజిస్టు. పేషెంటు వేరే దేశంలో ఉంటే ఇక్కడి డాక్టర్లు చాలామంది వీడియోలో చూడరు. అందుకని క్లినిక్ నుంచి బయటికొచ్చే ముందే, అక్కడి డాక్టర్‌ని ఉద్దేశించి ఊపిరి కొలతలు, బైపాప్ సెట్టింగులు, గొట్టం ఎప్పుడన్నదీ రాసిన లెటర్ అడగండి.

ఇక్కడి మన తెలుగు సంఘానికి ఒక మాట. ఎవరైనా పోతే భౌతికకాయాన్ని ఊరికి పంపడానికి రాత్రికి రాత్రి చందాలు పోగుచేయగలం, అది చిన్న విషయం కాదు. బతికున్నవాళ్ల కోసం చేసేది మాత్రం "మన తెలుగు డాక్టర్ ఎవరైనా తెలుసా" అని గ్రూపులో అడగడం దగ్గరే ఆగిపోతోంది. మన డాక్టర్లు మంచివాళ్లే, కానీ కార్డియాలజిస్టు అంకుల్ ఏఎల్ఎస్ క్లినిక్ క్యూ దాటించలేడు. ఆ దారిలో నడిచొచ్చిన కుటుంబాలు మన ఊళ్లోనే ఉన్నాయి. ఏ క్లినిక్ ఏ కాగితాలు అడుగుతుంది, అంచనా బిల్లు ఎవరిని అడగాలి, బైపాప్‌తో విమానం ఎలా ఎక్కారు, హైదరాబాద్‌లో ఎవరు చూశారు అన్నవి వాళ్లని అడిగి రాసి పెట్టడానికి ఇద్దరు వాలంటీర్లు చాలు. వచ్చే కార్యవర్గ సమావేశంలో నేనీ మాట ఎత్తుతాను, ఒక వాలంటీర్‌గా నా పేరు రాసుకోండి.