కావెండిష్ ఒక్కటే దిక్కైతే డోల్‌కు దారేది?

నేలలోని శిలీంధ్రం వల్ల అరటి చెట్టును వాడ్చి చంపే టీఆర్4 తెగులు 2019లో కొలంబియాకు, 2021లో పెరూకు చేరింది. అప్పటి నుంచి నింద అంతా శిలీంధ్రం మీదే. నా దృష్టిలో అసలు దోషి, కావెండిష్ అనే ఒక్క రకం మీదే ప్రపంచ అరటి వ్యాపారాన్ని నిలబెట్టిన పద్ధతి. పండ్ల వ్యాపార కంపెనీ డోల్ అందులో పెద్ద భాగస్వామి.

కావెండిష్‌కు విత్తనం ఉండదు. పిలక నుంచో టిష్యూకల్చర్ నుంచో వస్తుంది కాబట్టి జన్యుపరంగా తోటంతా ఒకే మొక్క. శిలీంధ్రం వేరులోంచి దూరి నీటి నాళాలను పూడ్చేస్తుంది. ముందు ముదురాకులు అంచుల నుంచి పసుపెక్కుతాయి, తర్వాత చెట్టే వాలిపోతుంది. శిలీంధ్రం నేలలో దశాబ్దాలు బతికి ఉంటుంది, చంపే మందు లేదు. గేటు దగ్గర క్రిమిసంహారక తొట్టె కట్టి ఊరుకుంటే చాలదు. బూటుకు మట్టి అంటి ఉంటే ఆ మట్టే మందు బలాన్ని తినేస్తుంది. ముందు బ్రష్‌తో మట్టి రాల్చాలి, ఆ తర్వాతే తొట్టెలో కాలు పెట్టాలి. టైర్లకూ అంతే. సాగునీటితో వచ్చేదాన్ని ఏ తొట్టే ఆపలేదు.

ఇలా జరగడం ఇది రెండోసారి. కావెండిష్‌కు ముందు ఎగుమతి మార్కెట్‌ను ఏలిన గ్రో మిషెల్ రకం ఈ తెగులు పాత రూపానికే బలైంది. తర్వాత డోల్‌లో భాగమైన స్టాండర్డ్ ఫ్రూట్, 1950ల చివర్లో కావెండిష్‌కు మళ్లింది. దీని తొక్క సున్నితం, ఒరిపిడికి నల్లబడుతుంది. అందుకే గెలలుగా పంపడం మాని, హస్తాలు కోసి అట్టపెట్టెల్లో సర్దడం మొదలైంది.

ఇక అక్కడి నుంచి ఓడ, గది, పెట్టె అన్నీ ఆ ఒక్క కాయ కొలతకే. ఓడలో 13-14 డిగ్రీలు. అంతకన్నా చల్లబడితే తొక్క బూడిదరంగుకు తిరుగుతుంది, ఎంత మగ్గబెట్టినా మంచి పసుపు రాదు. మగ్గబెట్టే గదిలో 16-18 డిగ్రీల దగ్గర కాయను మగ్గించే వాయువు ఇథిలీన్ 100-150 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు అన్ని వంతులు), 24 గంటలు. తర్వాత గాలి మార్చకపోతే కార్బన్ డయాక్సైడ్ ఒక శాతం దాటి ఇథిలీన్ పనిని అడ్డుకుంటుంది. వేడి 24 డిగ్రీలు దాటితే గుజ్జు మెత్తబడుతుంది కానీ తొక్క పచ్చగానే ఉండిపోతుంది. మరో రకం తెస్తే ఈ అంకెలన్నీ మళ్లీ తేల్చుకోవాలి. కొత్త రకానికి తలుపు తెరుచుకోకపోవడానికి ఇదే పెద్ద కారణం.

ఒకే రకం వల్లే అరటి చవక అనీ, తట్టుకునే మొక్కను ప్రయోగశాల ఇస్తుందనీ కొందరంటారు. ఆస్ట్రేలియా 2024లో అనుమతించిన జన్యుమార్పిడి మొక్క క్యూక్యావ్-4ను చూపిస్తారు. మంచి మొక్కే, కానీ అదీ కావెండిషే. దానికి ఎక్కించిన జన్యువు టీఆర్4 కోసం. కొన్ని తోటల్లో ఏడాదికి 40 సార్లకు పైగా మందు చల్లిస్తున్న నల్ల సిగటోకా ఆకుమచ్చకు అది జవాబు కాదు.

ఒకే రకం మీద ఆధారపడే ఈ జబ్బు అరటికే పరిమితం కాదు. జేమ్స్ డోల్ 1901లో హవాయిలో పెట్టిన కంపెనీ కోసం హెన్రీ గినాకా 1911లో ఒక యంత్రం కట్టాడు. అనాసను చెక్కి, నడిమి బొడ్డు తీసి, డబ్బాలో పట్టే స్తంభంలా కోసేది. తర్వాతి నమూనాలు నిమిషానికి 100 కాయల దాకా కోశాయి. దానికి నప్పింది నిలువుగా, సమంగా పెరిగే స్మూత్ కాయెన్ రకం. తోటలో ఏం నాటాలో డబ్బా కొలత చెప్పింది. మన తిండిని యంత్రాలు ఎంచడం అంత పాతది.

డోల్ తన మగ్గబెట్టే గదుల్లో పదింట ఒకటి వేరే రకాలకు వదలాలి. ఎన్ని డిగ్రీలు, ఎంత ఇథిలీన్, ఎన్ని రోజులు అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. సూపర్‌మార్కెట్లు చిన్న కాయకు, మచ్చల తొక్కకు ధర కోసేయడం మానాలి. ఆ కోత ఉన్నంతకాలం ఏ రైతూ రెండో రకం నాటడు.